మొప్ప ఎరుపు

మింట్ స్ట్రీట్‌లో ఇబ్రహీం ఫ్రేముల షాపు, దాని మీద గది.
రంపపు పొట్టు, వజ్రం జిగురు వాసన.
ప్రతి నెలా రెండో ఆదివారం మేం ఆరుగురం
బట్టలారేసే తాడుకి క్లిప్పులు పెట్టి
ఎవరి ఫోటో వాళ్ళం తగిలిస్తాం.

ఒకటే కట్టుబాటు.
అందరూ అనేదాకా
తీసినవాడు నోరు మెదపకూడదు.
"ఆ రోజు వెలుతురు బాలేదండీ" అనకూడదు,
"సరిగ్గా అప్పుడే లారీ అడ్డమొచ్చింది" అనకూడదు.
నాలుక ఉంటే ఫోటోనే చెప్పుకుంటుంది,
లేదంటే ఊరుకుంటుంది.

ఆ వేళ నా వంతు.
కాశిమేడు రేవు, పొద్దు పొడిచిన అరగంటకి,
గంపల మధ్య చేపలమ్మే ఆమె.
రంగులన్నీ తీసేసి నలుపు తెలుపు చేశాను.
మూడు వారాలు ఆ నీడల్ని నిమురుతూ కూర్చున్నాను.
మెచ్చుకుంటే తల ఎంత వంచాలో కూడా
బస్సులో సాధన చేసుకునే వచ్చాను.

తేన్‌మొళి ముందు లేచింది. పళ్ళ డాక్టరు దగ్గర పని,
ఏ మూల పుచ్చిందో ఇట్టే పట్టేస్తుంది.
"ఎడం పక్క ఆ ప్లాస్టిక్ బకెట్,
చూపంతా అదే తాగేస్తోంది."
మూడు వారాల్లో ఆ బకెట్‌ని నేను చూడనేలేదు.
"ఐసు ఫ్యాక్టరీ గోడ కుడికి కూలుతోంది,"
అన్నాడు భవేష్, మెడ పక్కకి వంచి,
ఆ నొప్పికి కారణం నేనే అయినట్టు.

వరదరాజులు గారు పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు,
మిల్లీమీటర్లలో మాట్లాడతారు.
ఎల్ ఆకారంలో కోసిన రెండు నల్ల అట్టముక్కల్ని
నా ఫోటో మీద తలుపుల్లా జరిపారు.
బకెట్ పోయింది. గోడ పోయింది.
నేను మురిసిన మబ్బు పోయింది.
చివరికి అగ్గిపెట్టెంత మిగిలింది:
ఆమె మోకాలు, ఒక చేప,
వాటి మీద పొడుగ్గా ఒక తల నీడ.
"ఇదెవరిది?"
నాదే. సూర్యుణ్ణి వీపున మోస్తూ నిలబడ్డాను.
"మీ నీడ ఆమె దాకా వెళ్ళిందండీ. మీరు వెళ్ళలేదు."

ఇబ్రహీం టీ గ్లాసులు పంచుతూ, ఫోటో వైపు చూడకుండానే,
"పేరేంటి ఆమెది?" అన్నాడు.
అందరూ అనేశారు గనక ఇక నేను మాట్లాడొచ్చు.
ఎపర్చర్ చెప్పగలను, షట్టర్ చెప్పగలను,
వెనక పెన్సిల్‌తో రాసిపెట్టాను కూడా.

పద్దెనిమిది రోజులకి గానీ కోపం దిగలేదు.
(నిజం చెప్పొద్దూ, బకెట్ గురించే ఎక్కువ.)
ప్రింటు కవర్లో పెట్టుకుని కాశిమేడు వెళ్ళాను.
తమిళంలో మొదలెట్టాను,
ఆమె నెల్లూరు రేవు తెలుగులో అందుకుంది.
తడి చేతులు పైటకి తుడుచుకుని
ఫోటోని వెలుతురుకి ఎత్తి పట్టింది.
తన మొహం చూసుకోలేదు. చేపని చూసింది.
"ఇదేందబ్బయా, మొప్ప ఎరుపేదీ?
ఎరుపు కానరాకపోతే ఇయ్యాల్దో నిన్నటిదో
కొనేవాళ్ళకి తెలిసేదెట్టా?
బంగారంలాంటి వంజరం, దాన్ని మురగబెట్టావే!"
పక్క గంపామె కూడా వంగి చూసి,
"బకెట్ మాత్రం బాగా పడింది," అంది.

ఆమె ఇంకో చేపని ఎత్తి
బొటనవేలితో మొప్ప తెరిచింది.
అంత దగ్గర నిలబడితే
ఐసు చలి మోకాళ్ళకి తగులుతుందని
అప్పటిదాకా నాకు తెలీదు.

మళ్ళీ రెండో ఆదివారం.
తాడు మీద రంగుల ఫోటో.
"ఫోకస్ తప్పింది," అన్నారు వరదరాజులు గారు. నిజమే,
పదునంతా తోక దగ్గరే ఆగిపోయింది.
"పైన ఖాళీ ఎక్కువ." "బొటనవేలు సగం తెగింది."
అట్టముక్కలు దగ్గరికొచ్చి, వెనక్కి వెళ్ళి,
కాసేపు గాల్లో ఆగి,
మళ్ళీ వచ్చాయి.
నోరు మూసుకుని విన్నాను. చాలామటుకు ఒప్పుకున్నాను.

ఎపర్చర్ ఎంతో చూద్దామని
తేన్‌మొళి క్లిప్పు తీసి వెనక్కి తిప్పింది.

పోలమ్మ. వంజరం, మూడు కిలోల పైచిలుకు.
పొద్దున ఆరూ పది.
బేరం కుదర్లేదు.